ఒక్క అచ్చుతో లెక్కలేనన్ని నమూనాలు: ఇంట్లో ఎలా వేయాలి

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం ప్రాంతాల మిత్రులు నన్ను అడిగే ప్రశ్న దాదాపు ఒక్కటే. "మాకు బొమ్మలు గీయడం రాదు, ముగ్గు కూడా పక్కవారిది చూసి వేయడమే గాని సొంతంగా కల్పించలేము, పువ్వు, చిలుక, ఏనుగు ఏదీ లేకుండా కేవలం గీతలతో, వంపులతో నిండిన నమూనా చిత్రాన్ని మా అంతట మేము తయారు చేయగలమా?" తప్పకుండా చేయగలరు. చేతికి గీత రాకపోయినా నియమం పాటించే ఓపిక ఉంటే చాలు. మా వీధిలో మార్గశిర గురువారాల్లో ఒడియా ఇళ్ల గడపల ముందు బియ్యప్పిండి నీళ్లతో వేసే ఝోటి చేతివాటం మీద నడుస్తుంది. మన చుక్కల ముగ్గు లెక్క మీద నడుస్తుంది. ఇక్కడ చెప్పే పద్ధతి చుక్కల ముగ్గు దారిలోనిది.

మూల భావం చాలా చిన్నది. ఒక చదరపు అచ్చు మీద రెండు వంపులు ఉంటాయి. ఆ అచ్చును నిటారుగా వేయవచ్చు, లేదా పక్కకు తిప్పి వేయవచ్చు. ఎక్కడ నిటారుగా వేయాలి, ఎక్కడ తిప్పాలి అన్న నియమాన్ని మార్చినప్పుడల్లా చిత్రం మారిపోతుంది. ఫ్రాన్సుకు చెందిన సెబాస్టియన్ ట్రుషే అనే మతగురువు 1704లో, మూల నుంచి మూలకు రెండు రంగులుగా చీలిన చదరపు పలకను ఎన్ని విధాలుగా పేర్చవచ్చో లెక్కగట్టి చూపించారు. దానిలో గీతకు బదులు పావు వృత్తాలను పెట్టిన పలకను 1987లో సిరిల్ స్మిత్ అనే లోహశాస్త్రవేత్త ప్రచారంలోకి తెచ్చారు. మనం చేయబోయేది ఆ రెండో రకం. ఇంతకు మించిన సిద్ధాంతం మనకు అవసరం లేదు.

కావలసినవి

వడ్రంగి దుకాణంలో పారేసే ప్లైవుడ్ ముక్క ఒకటి, సరిగ్గా 3 సెంటీమీటర్ల చదరంగా కోయించినది. పాత సైకిల్ ట్యూబు ముక్క, పంక్చర్లు వేసే సొల్యూషన్, కొంచెం గరుకు కాగితం. వృత్తలేఖిని, స్కేలు, పెన్సిలు, పదునైన కత్తెర. పోస్టర్ కలర్ సీసా ఒకటి, పాత స్పాంజి ముక్క, సాసరు. మందపాటి డ్రాయింగు కాగితాలు, కనీసం ఆరు. పాత వార్తాపత్రికలు. ఒక రూపాయి బిళ్ల, ఒక పాచిక. వీటన్నిటితో పాటు ఒక నోటు పుస్తకం. దాన్ని అనవసరం అనుకుని వదిలేయకండి, ఎందుకో తరువాత చెబుతాను.

సైకిల్ ట్యూబు దొరకకపోతే పాత హవాయి చెప్పు అట్ట బాగా పనికివస్తుంది. పిల్లలతో చేయించేటప్పుడు అట్టముక్క మీద పురికొసను వంపుగా అంటించినా సరిపోతుంది. బంగాళాదుంపను చెక్కి అచ్చుగా వాడటం అందరికీ తెలిసినదే గాని, ఈ పనికి నేను దానిని సిఫారసు చేయను. తడి ఊరి రంగు పలచబడుతుంది, గంటలో అంచులు ముడుచుకుని కొలత తప్పుతుంది. మనకు కొలతే ప్రాణం.

అచ్చు తయారీ

1. ట్యూబును నిలువునా చీల్చి, లోపలి పొడి పోయేలా సబ్బుతో కడిగి ఆరబెట్టండి. ఆరిన తరువాత రెండు వైపులా గరుకు కాగితంతో రుద్దండి. ఒక వైపు రుద్దితే సొల్యూషన్ పట్టుకుంటుంది, రెండో వైపు రుద్దితే రంగు నిలుస్తుంది. నున్నని రబ్బరు మీద నీటి రంగు తామరాకు మీది నీటిబొట్టులా జారిపోతుంది.

2. రబ్బరు మీద ఒకే కేంద్రం నుంచి రెండు వృత్తాలు గీయండి: ఒకటి 1.2 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో, రెండోది 1.8 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో. రెండింటి మధ్య భాగాన్ని గాజులా కత్తిరించి, ఆ గాజును నాలుగు సమాన ముక్కలు చేయండి. ఒక్కొక్క ముక్క పావు వృత్తం. ఒక అచ్చుకు రెండే కావాలి కాబట్టి మిగిలిన రెండింటితో అదనపు అచ్చు చేసి పెట్టుకోవచ్చు.

3. ప్లైవుడ్ ముక్క నాలుగు అంచుల మీద సరిగ్గా మధ్యన, అంటే మూల నుంచి 1.5 సెంటీమీటర్ల దగ్గర, పెన్సిలు గుర్తు పెట్టండి. ఎదురెదురు మూలలు రెండింటిని కేంద్రాలుగా చేసుకుని ఒక్కొక్క వంపును అంటించండి. వంపు కొన వెడల్పులో నడిమి భాగం ఆ గుర్తు మీద పడాలి. కొన అంచుతో సమంగా ఉండాలి, లోపలికి తగ్గకూడదు, బయటికి పొడుచుకు రాకూడదు.

ఈ మూడో మెట్టు దగ్గర తొందర పడకండి. నా మొదటి అచ్చులో ఒక వంపును 2 మిల్లీమీటర్లు లోపలికి అంటించాను. విడిగా వేసి చూస్తే తేడా కనిపించలేదు. 36 గళ్లూ నింపిన తరువాత చూస్తే, పారవలసిన గీత ప్రతి అతుకు దగ్గరా మెట్టు దిగినట్టు తెగిపోయింది. పూట పని వృథా అయింది. సొల్యూషన్ పూర్తిగా ఆరక ముందే, రబ్బరు ఇంకా కాస్త కదిలే సమయంలోనే కొలిచి సరిదిద్దుకోవాలని అప్పుడు తెలిసింది.

4. ఒక గంట ఆరిన తరువాత చిత్తు కాగితం మీద ఒకసారి అద్ది చూడండి. అచ్చులో కుడి, ఎడమలు తారుమారవుతాయి కాబట్టి రబ్బరును చూసి కాక, కాగితం మీద పడిన ముద్రను చూసే గుర్తు పెట్టుకోవాలి. ముద్రలో వంపులు పై ఎడమ మూలనూ, కింది కుడి మూలనూ ఉండేలా అచ్చును పట్టుకుని, వెనుక చెక్క మీద పైవైపు చూపే బాణం గుర్తు వేయండి. బాణం పైకి ఉంటే 'నిటారు', బాణం కుడివైపు ఉంటే 'పక్క'. ఇకపై ఈ రెండు మాటలే వాడతాను.

5. ఇప్పుడు అసలు పరీక్ష. నాలుగు గళ్లు గీసి, పై వరుసలో నిటారు, పక్క. కింది వరుసలో పక్క, నిటారు వేయండి. నడుమ గాజులాంటి పూర్తి సున్నా రావాలి. సున్నా ఎక్కడ తెగితే అక్కడ ఏ వంపు కొన తప్పిందో తెలుస్తుంది. ఈ సున్నా కుదిరేంత వరకు ముందుకు వెళ్లవద్దు.

కాగితం మీద వేయడం

6. ఏ4 కాగితం మీద 18 సెంటీమీటర్ల చదరం గీసి, దానిని 3 సెంటీమీటర్ల చొప్పున 36 గళ్లుగా విభజించండి. పెన్సిలును ఒత్తకుండా, తరువాత చెరిపేలా గీయాలి. చదరం నిజంగా చదరమో కాదో తెలియాలంటే మూల నుంచి మూలకు రెండు వైపులా కొలవండి. రెండు కొలతలూ సమానంగా, సుమారు 25 సెంటీమీటర్ల 5 మిల్లీమీటర్లు రావాలి.

7. కాగితం కింద ఆరేడు వార్తాపత్రికల మందం మెత్తగా పరచండి. గచ్చు మీద నేరుగా పెట్టి అద్దితే ముద్ర అంచుల్లో మాత్రమే పడి నడుమ వెలిసిపోతుంది.

8. సాసరులో పోస్టర్ కలర్‌ను నాలుగైదు చుక్కల నీటితో గిలక్కొట్టిన పెరుగంత చిక్కగా కలిపి, స్పాంజికి పట్టించండి. అచ్చును స్పాంజికి తాకించాలే గాని ముంచకూడదు. వానాకాలంలో, ముఖ్యంగా జూలై నుంచి సెప్టెంబరు వరకు, మన వైపు గాలిలో తేమ ఎక్కువ కాబట్టి నీటిని ఇంకా తగ్గించి, ఒక్కొక్క వరుస ఆరిన తరువాతే తరువాతి వరుసకు వెళ్లడం మేలు.

9. అద్దడానికి ముందే ప్రతి గడిలో పెన్సిలుతో 'ని' లేదా 'ప' అని చిన్నగా రాసుకోండి. తరువాత 'ని' ఉన్న గళ్లన్నీ ఒక దఫాలో, 'ప' ఉన్నవన్నీ రెండో దఫాలో నింపండి. గడిగడికీ చేతిలో అచ్చును తిప్పుతూ పోతే పది గళ్లు దాటగానే మనసు తడబడుతుంది. ఈ ఒక్క అలవాటుతో తప్పులు చాలా వరకు తగ్గిపోతాయి.

ప్రయోగాలు: ఒకసారికి ఒక్క మార్పు

నోటు పుస్తకం పని ఇక్కడ మొదలవుతుంది. ప్రతి చిత్రానికీ ఒక సంఖ్య ఇచ్చి, పాటించిన నియమాన్ని ఒకే వాక్యంలో రాయండి. నియమం, రంగు, అచ్చు పరిమాణం మూడూ ఒకేసారి మార్చితే వచ్చిన అందం దేనివల్ల వచ్చిందో ఎప్పటికీ తెలియదు. మళ్లీ తెప్పించుకోలేని అందం మనది కాదు. అందుకే మొదటి నాలుగు చిత్రాలూ ఒకే రంగుతో, ఒకే అచ్చుతో వేయమని గట్టిగా చెబుతున్నాను.

మొదటి చిత్రంలో అన్ని గళ్లూ నిటారుగా వేయండి. పై కుడి నుంచి కింది ఎడమకు అలలు అలలుగా గీతలు దిగుతాయి. రెండో దానిలో చదరంగపు బల్లలా ఒకటి నిటారు, ఒకటి పక్క వేయండి; సున్నాలే సున్నాలు వస్తాయి. ఈ రెండూ చూడటానికి సాదాగా ఉన్నా మిగిలిన చిత్రాలన్నీ ఈ రెండింటి నడుమనే ఉంటాయి కాబట్టి దాచి ఉంచండి.

మూడో చిత్రానికి రూపాయి బిళ్ల తీయండి. ప్రతి గడికీ ఒకసారి ఎగరేసి, బొమ్మ పడితే నిటారు, బొరుసు పడితే పక్క. ఎవరూ ఊహించని మెలికలు, చుట్టలు, దీవులు పుడతాయి. కేవలం 16 గళ్ల చిత్రానికే 65,536 అమరికలు ఉన్నాయి. 36 గళ్లకు ఆ లెక్క 6,871 కోట్లు దాటుతుంది. కాబట్టి మీరు వేసిన చిత్రం మరొకరు వేసి ఉండే అవకాశం లేదనే చెప్పవచ్చు. ఒక హెచ్చరిక మాత్రం ఉంది: బిళ్ల చెప్పినదానిని నచ్చలేదని నడుమ మార్చకండి. మార్చాలనిపిస్తే అది వేరే నియమం, దానికి వేరే సంఖ్య ఇచ్చి వేరే కాగితం మీద వేయండి.

నాలుగోది నాకు అన్నిటికంటె ఇష్టమైనది. కాగితాన్ని అడ్డంగా పెట్టుకుని 7 నిలువు వరుసలు, 6 అడ్డు వరుసలు గీయండి. ఎడమ చివరి నిలువు వరుసంతా నిటారు. రెండో నిలువు వరుసలో గడిగడికీ పాచిక వేసి, 1 పడితేనే పక్కకు తిప్పండి. మూడో వరుసలో 1 గాని 2 గాని పడితే తిప్పండి. ఇలా ఒక్కొక్కటి పెంచుకుంటూ పోతే ఏడో వరుసకు అన్నీ పక్కకు తిరిగి ఉంటాయి. ఎడమ నుంచి ఒక దిక్కుగా వచ్చే అలలు నడుమ చిక్కుపడి, కుడివైపు ఎదురు దిక్కుకు సాగిపోతాయి. రెండు ఏరులు కలిసేచోట నీరు సుడి తిరిగినట్టే ఉంటుంది. గీతలన్నీ మనమే వేసినా, నడిమి మూడు వరుసల్లో ఏమవుతుందో చివరి ముద్ర పడే దాకా మనకే తెలియదు.

ఐదోది ఛందస్సు తెలిసినవారికి. గురువుకు నిటారు, లఘువుకు పక్క అనుకోండి. ఉత్పలమాల పాదంలో భ, ర, న, భ, భ, ర, వ గణాలు వరుసగా 20 అక్షరాలు: గు ల ల, గు ల గు, ల ల ల, గు ల ల, గు ల ల, గు ల గు, ల గు. ఇందుకు 2 సెంటీమీటర్ల అచ్చు చేసుకుంటే (వృత్తాల వ్యాసార్ధాలు 0.8, 1.2 సెంటీమీటర్లు) ఏ3 కాగితం నిడివిలో ఒక పాదం 40 సెంటీమీటర్లలో పడుతుంది. నాలుగు పాదాలూ ఒకదాని కింద ఒకటి వేస్తే ప్రతి నిలువు వరుసలోని నాలుగు గళ్లూ ఒకేలా ఉండి చీర అంచులా కనిపిస్తుంది. ప్రతి పాదాన్నీ ఒక గడి కుడికి జరిపి, చివర మిగిలినదానిని మొదటికి తెచ్చి వేస్తే ఐమూలగా సాగే వేరే నమూనా వస్తుంది. అదే చంపకమాలతో చేస్తే 21 గళ్లు కావాలి, కాబట్టి అచ్చును కొంచెం చిన్నది చేసుకోవాలి. తేటగీతిలో పాదపాదానికీ అక్షరాల సంఖ్య, వరుస మారుతాయి. గళ్లు సరిపోవు గనుక మొదటి ప్రయత్నానికి అది తగదు.

ఆరో చిత్రానికి నియమం మీరే కల్పించండి.

వంపులు అలవాటైన తరువాత ట్రుషే చూపిన పాత అచ్చు కూడా చేసి చూడవచ్చు: చదరంలో మూల నుంచి మూలకు సగం మాత్రమే రబ్బరు అంటించాలి. దానిని నాలుగు దిక్కులకు తిప్పవచ్చు. రెండు ముద్రలను ఎదురెదురుగా కలిపితే ఒక ముక్కోణపు కోర నిలుస్తుంది. ఆ కోరలను వరుసగా పేర్చితే బరంపురం పట్టుచీర అంచులోని కుంభం అనే ముక్కోణాల వరుస గుర్తుకు వస్తుంది. మన కళ్లకు అలవాటైన రూపం కాబట్టి పిల్లలకు ఇది త్వరగా పట్టుబడుతుంది.

తరచుగా జరిగే పొరపాట్లు

గీత ఒకచోట లావుగా, ఒకచోట సన్నగా పడటానికి కారణం చేతి బలం కాదు, రంగు ఎక్కువ కావడం. స్పాంజికి తాకించిన తరువాత చిత్తు కాగితం మీద ఒక ముద్ర వేసి, రెండో ముద్రను అసలు కాగితం మీద వేస్తే సమంగా వస్తుంది. దీనికి ఎక్కువ సమయం పడుతుందని మానేయకండి.

అచ్చును ఎత్తేటప్పుడు ఒక మూల నుంచి వాల్చి తీయడం వల్ల వంపు చివర మరక సాగుతుంది. నిలువుగా దించి, అరచేతితో మూడు లెక్కపెట్టేంతసేపు నొక్కి, నిలువుగానే ఎత్తండి.

పోస్టర్ కలర్ అచ్చు మీద ఎండిపోతే వంపుల అంచులు మూసుకుపోయి గీత మొద్దుబారుతుంది. పది, పన్నెండు ముద్రలకు ఒకసారి తడిగుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో అద్దండి. తడి ఉండగానే మళ్లీ రంగులో పెడితే మొదటి రెండు ముద్రలు వెలిసిపోతాయి.

ఇంకొక పొరపాటు చేతిది కాదు, మనసుది. బిళ్ల ఎగరేయడానికి బద్ధకించి "మనకు తోచినట్టు కలగలిపి వేద్దాం" అనుకుంటారు. అలా వేసిన చిత్రాలు నేను చాలా చూశాను. వాటిలో సున్నాలు మోతాదుకు మించి ఉంటాయి. తోచినట్టు వేసేటప్పుడు చెయ్యి ఒకటి అటు, ఒకటి ఇటు మార్చుకుంటూ పోతుంది. అలా మార్చి మార్చి వేస్తే వచ్చేది సున్నాయే. బిళ్ల ఎగరేసిన చిత్రంలో గళ్లు కలిసే ప్రతి 16 కూడళ్లలో సగటున ఒక్కదాని చుట్టూ చిన్న సున్నా వస్తుంది. 36 గళ్ల చిత్రంలో లోపలి కూడళ్లు 25. కాబట్టి ఒకటి, రెండు, మూడు సున్నాలు ఉండటం సహజం. ఎనిమిది ఉంటే అది బిళ్ల వేసిన చిత్రం కాకపోవచ్చు.

సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోవడం

ముందుగా గీతల కొనలు లెక్కపెట్టండి. చిత్రం లోపల ఎక్కడా ఏ గీతా ఆగకూడదు. ప్రతి గీతా తనలో తాను కలవాలి, లేదా చిత్రం బయటి అంచుకు చేరాలి. 36 గళ్ల చిత్రంలో బయటి అంచు మీద సరిగ్గా 24 కొనలు ఉండాలి. ఒక కొన దగ్గర వేలు పెట్టి గీత వెంట పోతే మరొక కొన దగ్గర బయటికి రావాలి. అలా 12 దారులు దొరకాలి. 11 మాత్రమే దొరికి రెండు కొనలు ఒంటరిగా మిగిలితే ఎక్కడో ఒక ముద్ర సరిగా పడలేదన్నమాట.

రెండో పరీక్ష చుక్కలతో. ముగ్గుకు చుక్కలు ముందు పెడతాం, ఇక్కడ చివర పెడతాం. చిత్రం ఆరిన తరువాత గళ్ల గీతలు కలిసే కూడళ్లన్నింటిలో, బయటి అంచు మీదివి కూడా కలుపుకుని, ఒకటి విడిచి ఒకటి పెన్సిలు చుక్క పెట్టండి. కింది వరుసలో ఒక స్థానం జరిపి పెట్టాలి. ఇప్పుడు చుక్క ఉన్న ప్రతి ప్రాంతాన్నీ, గీత అడ్డు వచ్చే దాకా, రెండో రంగుతో నింపండి. ఏ నియమంతో వేసిన చిత్రమైనా సరే, ఒక గీతకు ఒక వైపు రంగు, రెండో వైపు తెలుపు మాత్రమే రావాలి. రెండు వైపులా రంగు వచ్చిందంటే చుక్క తప్పు పెట్టారు; చుక్క లేని కూడలికి రంగు పాకిందంటే గీత ఎక్కడో తెగింది. ఈ పరీక్ష కోసం వేసిన రంగే చాలాసార్లు చిత్రానికి నిండుదనం తెస్తుంది. పొలంలో మళ్లు కట్టినట్టు కనిపించే ఆ రెండు రంగుల తునకలు చూసినప్పుడు, ఇది 36 సార్లు అద్దిన ఒకే ఒక్క చెక్కముక్క పని అంటే ఇంట్లోవారు కూడా నమ్మరు.

చివరిగా చిత్రాన్ని గోడకు ఆనించి పది అడుగుల దూరం నుంచి చూడండి. తరువాత తలకిందులు చేసి చూడండి. దగ్గర కనిపించని బరువు, ఒక మూలకు రంగు ఎక్కువ కావడం వంటివి అప్పుడు బయటపడతాయి. నోటు పుస్తకంలో ఆ మాట కూడా రాసుకోండి.

గుడ్డ మీద వేయదలచినవారు నూలుగుడ్డను ముందుగా ఉతికి గంజి పోగొట్టి, ఇస్త్రీ చేసి, బల్లకు నాలుగు మూలలా గుండుసూదులతో బిగించాలి. గుడ్డ మీద పెన్సిలు గళ్లకు బదులు సుద్దతో గుర్తులు చాలు. పోస్టర్ కలర్ ఉతుకుకు ఆగదు కాబట్టి ఫాబ్రిక్ కలర్ వాడి, ఒక రోజు ఆరనిచ్చి, వెనుక వైపు నుంచి ఇస్త్రీ చేయండి. పని ముగిసిన తరువాత అచ్చును వెంటనే నీటితో కడిగి, రబ్బరు వైపు పైకి ఉండేలా నీడలో ఆరబెట్టండి. ఎండలో పెడితే సొల్యూషన్ విడిచి వంపు కొనలు లేస్తాయి.